సూది మొన కనిపించిందో లేదో రిపోర్టులో రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. మీ పేపర్లో ఆరోగ్యం పేజీ వదలకుండా చదువుతాను. బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అంటే భయపడొద్దు, డాక్టరు చెప్తే చేయించుకోండి అని చాలాసార్లు వేశారు, మంచి పని. కానీ చేయించుకున్నాక "శాంపిల్ సరిపోలేదు" అన్న కాగితం చేతికొస్తే ఇంట్లోవాళ్లు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, అలా ఎందుకవుతుంది, తర్వాత ఎవర్ని ఏం అడగాలి అన్నది నేనెక్కడా చదవలేదు. మా ఇంట్లో అదే జరిగింది. దానివల్ల 23 రోజులు పోయాయి. అందుకే రాస్తున్నాను, ఉత్తరం కొంచెం పెద్దదే అవుతుంది.

మా అప్ప వాళ్లది చీపురుపల్లి దగ్గర పల్లె. బావకి 58 ఏళ్లు, వరి, మొక్కజొన్న వేస్తారు. పోయిన చలికాలం కళ్లు పచ్చబడ్డాయి. మా వైపు పచ్చకామెర్లంటే ముందు పసరు, చప్పిడి కూడు, ఆ తర్వాతే డాక్టరు. రెండు వారాలు అలా గడిచేసరికి ఒళ్లంతా దురద, రాత్రిళ్లు నిద్ర లేదు, లుంగీ ఎంత బిగించి కట్టినా జారిపోయేంత చిక్కిపోయారు. విజయనగరం తీసుకొచ్చి స్కానింగ్ చేయిస్తే పైత్యం వచ్చే గొట్టం ఉబ్బింది అన్నారు, సీటీ తీస్తే ప్యాంక్రియాస్ (జీర్ణాశయం వెనక ఉండే గ్రంథి) తల భాగంలో 3 సెంటీమీటర్ల గడ్డ. అక్కణ్నుంచి విశాఖ. అక్కడ ముందు కామెర్లు తగ్గడానికి పైత్యనాళంలో స్టెంట్ (దారి మూసుకుపోకుండా పెట్టే చిన్న గొట్టం) వేశారు. తర్వాత సర్జన్ గారు సీటీ చూసి, గడ్డ పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది, ఇప్పుడే కోయడం కుదరదు, ముందు కీమో ఇచ్చి చూడాలి, కీమో ఇవ్వాలంటే ఇది క్యాన్సరే అన్న రుజువు చేతిలో ఉండాలి, రుజువు కావాలంటే ముక్క తీయాలి అన్నారు. అది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో తీస్తారు, అంటే చివర స్కానింగ్ మిషన్ ఉన్న సన్నటి గొట్టాన్ని నోట్లోంచి కడుపులోకి దించి, తెర మీద చూస్తూ అందులోంచి సూదితో గడ్డలోకి గుచ్చుతారు. అందరూ ఈయూఎస్ అంటారు.

రాత్రి నుంచి ఏమీ తినలేదు, మంచినీళ్లు కూడా మానిపించారు. మత్తు ఇచ్చి లోపలికి తీసుకెళ్లారు, గంట లోపే బయటికి తెచ్చారు. ఆరు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. రక్తం, పేగు పొర తాలూకు కొన్ని కణాలు తప్ప ఏమీ లేవు, నిర్ధారణకి చాలదు అని రాశారు. ముక్క తీసిన డాక్టరు రిపోర్టు అయితే ఇంకా చిన్నది, రెండే వాక్యాలు. ప్యాంక్రియాస్ తలలో గడ్డ కనిపించింది, సూదితో శాంపిల్ తీశాం. అంతే.

ఆ కాగితం ఊరికి వెళ్లాక అర్థం మారిపోయింది. "ముక్క తీసినా ఏటీ నేదన్నారట గదా, ఇంకేటి బెంగ" అని పెద్దవాళ్లు అన్నారు, బావ కూడా అదే నమ్మారు. స్టెంట్ వల్ల పచ్చదనం పోయింది, దురద పోయింది, కూడు రుచిస్తోంది. రోగం తగ్గిపోయిందనే ఎవరికైనా అనిపిస్తుంది. మళ్లీ వెళ్దాం అంటే రాననేశారు. ఇంకో ఆయన వచ్చి, సూదితో పొడిస్తే క్యాన్సర్ పాకుతుంది, ఒకసారి పొడిచింది చాలు అని చెప్పి వెళ్లాడు. మా అప్ప నాకు ఫోన్ చేసి ఏడ్చింది, నిజం చెప్పొద్దూ, "చాలదు" అన్న మాటకీ "లేదు" అన్న మాటకీ తేడా ఆ రోజు నాక్కూడా సరిగ్గా తెలియదు.

చివరికి ఎలాగో ఒప్పించి వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఫైలు తిరగేసి వరసగా అడిగారు: మొదటిసారి ఎంత సైజు సూది వాడారు, జీర్ణాశయంలోంచి పొడిచారా చిన్నపేగు మొదటి వంపులోంచా, ఎన్నిసార్లు పొడిచారు, సూది మొన గడ్డలోపల కనిపించిందా. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఒక్కదానికీ మా దగ్గర జవాబు లేదు, కాగితంలోనూ లేదు. వీడియో ఏదైనా దాచారేమో అని పాత ఆసుపత్రికి ఫోన్ చేస్తే లేదన్నారు. అంటే ఆ డాక్టరు గారు చీకట్లో మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

రెండోసారి ముక్క తీశాక, నేను ఫిజిక్స్ లెక్చరర్నని తెలిసి, ఆయన రికార్డు చేసిన వీడియో నన్ను కూర్చోబెట్టి చూపించారు. ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేను.

తెర అంతా బూడిద రంగు, ఉడికించిన అటుకుల్లా గింజలు గింజలుగా. మధ్యలో కొంచెం నల్లగా, అంచులు గజిబిజిగా ఉన్నది గడ్డ. దాని పక్కనే నల్లటి గొట్టంలా రక్తనాళం, రంగు వేసి చూపిస్తే అందులో ఎరుపు, నీలం కదులుతున్నాయి. పై మూల నుంచి తెల్లటి గీత ఒకటి ఏటవాలుగా దిగింది, అదే సూది. దిగుతూ దిగుతూ గీత సగంలో ఆగిపోయింది. సూది ఆగలేదు, కనిపించడం ఆగిపోయింది. అక్కడ డాక్టరు గారు వెంటనే చెయ్యి ఆపేశారట, తోయలేదట. గొట్టాన్ని వేళ్లతో చాలా కొద్దిగా, తాళంచెవి పావు వంతు తిప్పినంత, అటూ ఇటూ తిప్పారట. గీత మళ్లీ పొడుగైంది, చివర మొన దగ్గర బియ్యపు గింజంత మెరుపు కనిపించింది. "ఇది కనబడే దాకా నేను ఒక్క మిల్లీమీటరు కూడా ముందుకి తొయ్యను బాబూ" అన్నారు. మొన గడ్డలోపల ఉందని చూసుకున్నాకే ముందుకీ వెనక్కీ చిన్నచిన్నగా ఆడించడం మొదలుపెట్టారు, అదీ ఒక్క చోటే కాకుండా విసనకర్ర విప్పినట్టు కొంచెం కొంచెం దిశ మార్చుకుంటూ.

కంట్లో పడ్డ నలుసునైనా తీస్తున్నాం, ఇంత ఖరీదైన మిషన్లో ఉక్కు సూది కనబడకపోవడం ఏమిటి అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. సూది సన్నం కాబట్టి అనుకున్నాను, లెక్క వేసి చూస్తే అది కాదు. మన ఒంట్లో శబ్దం సెకనుకి సుమారు 1540 మీటర్లు వెళ్తుంది. ఈ మిషన్లో వాడే శబ్దం సెకనుకి 75 లక్షల కంపనాలు అనుకోండి, మన చెవికి వినబడే హద్దు 20 వేలు. భాగిస్తే తరంగదైర్ఘ్యం 0.2 మిల్లీమీటర్లు వస్తుంది. మామూలుగా వాడే 22 గేజ్ సూది లావు 0.7 మిల్లీమీటర్లు. అంటే కనబడటానికి సరిపడా లావు ఉంది. ఇబ్బంది వేరే చోట ఉంది.

నున్నటి ఉక్కు శబ్దానికి అద్దం లాంటిది. అద్దం మీద టార్చి వేస్తే, వెలుగు తిరిగి మన కంట్లోకే రావాలంటే అద్దం మనకి ఎదురుగా ఉండాలి, ఏటవాలుగా ఉంటే వెలుగు ఇంకో గోడ మీద పడుతుంది. సూది కూడా అంతే. శబ్దం వచ్చే దిక్కుకి అడ్డంగా ఉంటే బాగా మెరుస్తుంది, నిటారుగా దిగే కొద్దీ ప్రతిధ్వని పక్కకి పోతుంది, గీత మసకబారుతుంది. అందుకే గొట్టం చివర సూదిని ఎత్తడానికి, దించడానికి చిన్న మీట ఉంటుంది, దానితో కోణం మారుస్తారు. సూది తయారుచేసేవాళ్లు కూడా దీనికి ఒక ఉపాయం చూశారు, మొన దగ్గర నున్నగా వదలకుండా సన్నటి గుంటలు కొడతారు. డాక్టరు గారు కొత్త సూది మొనని భూతద్దం కింద పెట్టి చూపిస్తే, సన్నికల్లుకి గంట్లు కొట్టించినట్టు ఉంది. గంట్లు ఉన్న చోట శబ్దం అన్ని వైపులకీ చెదురుతుంది, చెదిరినదాంట్లో కొంతైనా వెనక్కి వస్తుంది. మా అమ్మ గంట్లు అరిగిన సన్నికల్లు మీద నూరితే పచ్చడి జారిపోతోంది అనేది, సూది విషయంలో జారిపోయేది శబ్దం.

ఇంకోటి ఉంది, నాకు ఎక్కువ భయం వేసింది దానికే. అల్ట్రాసౌండ్ చూసేది మొత్తం పొట్టని కాదు, ఒక పలచటి పలకని మాత్రమే. పెంకుటింట్లో కప్పు సందులోంచి ఎండ పడితే ఆ వెలుగు పలకలో ఉన్న దుమ్మే కనబడుతుంది, పక్కనే ఉన్న దుమ్ము కనబడదు కదా. సూది ఆ పలకలో ఉన్నంత సేపే తెర మీద ఉంటుంది. కొంచెం వంగి పక్కకి జరిగితే, పలకని దాటే చోట గీత ఆగిపోతుంది. చూసేవాళ్లకి అదే మొన అనిపిస్తుంది, అసలు మొన ఇంకా ముందుకి, తెరకి కనబడని చోట ఉంటుంది. అక్కడ రక్తనాళం ఉండొచ్చు. లేకపోతే గడ్డ పక్కనుంచి వెళ్లిపోయి, లోపల ఉన్నామనుకుని రక్తం, మామూలు కణాలు లాగి తేవచ్చు. మొదటిసారి మా బావకి ఇదే అయిందని నేను అనలేను, ఆ గీత ఎలా ఉందో రాసినవాళ్లు లేరు.

పైగా ఆ సూది పొడవు సుమారు 140 సెంటీమీటర్లు. నోటి బయట నిలబడి, ఇంత పొడుగు గొట్టంలోంచి, కడుపు దాటి, చిన్నపేగు వంపు తిరిగిన చోట ఉన్న గడ్డలోకి గుచ్చాలి. ప్యాంక్రియాస్ తల దగ్గర గొట్టం బాగా మెలిక తిరిగి ఉంటుంది కాబట్టి సూది బయటికి రావడమే కష్టమట, లావు సూదైతే ఆ మెలికలో వంగదు, సన్న సూదైతే తేలిగ్గా వస్తుంది గానీ పక్కకి వంగిపోతుంది. గేజ్ నంబరు పెరిగితే సూది సన్నం అవుతుంది, 19 లావు, 25 సన్నం. గాలి ఉన్నా కష్టమే, ఇంత ఎక్కువ కంపనాల శబ్దం గాలిలోంచి సరిగ్గా పోదు, అందుకే లోపలి గాలి లాగేసి, గొట్టం చివర బుడగలో నీళ్లు నింపి ఆనిస్తారు. మా బావ విషయంలో స్టెంట్ ముందే వేసేశారు, అది చూపుకి అడ్డం, దాని నీడ పడుతుంది, వీలైన కేసుల్లో ఈయూఎస్ ముందు చేసి స్టెంట్ తర్వాత వేస్తే చూపు శుభ్రంగా ఉంటుందని రెండో డాక్టరు గారు చెప్పారు. అయితే కామెర్లు మరీ ముదిరిన మనిషికి ఆగమని చెప్పడం కూడా అన్నివేళలా కుదరదు, ఆ సంగతీ ఆయనే చెప్పారు.

అసలు ఈ పని మొదలైందే సూది కనబడటం కోసం పడ్డ తిప్పల్లోంచి. 1980ల్లో ఎక్కువగా వాడిన ఈయూఎస్ గొట్టాలు చుట్టూ గుండ్రంగా చూసేవి, వాటితో సూది గుచ్చితే ఆ చూపుని అడ్డంగా దాటే చోట ఒక చుక్క మాత్రం కనబడేది, మొన ఎటు పోయిందో తెలిసేది కాదు. గొట్టం పొడవు వెంబడి చూసే రకం వచ్చాకే సూది బయల్దేరిన చోటి నుంచి మొన దాకా ఒకే చిత్రంలో చూడటం సాధ్యమైంది. డెన్మార్క్‌కి చెందిన పీటర్ విల్‌మన్, ఆయన తోటివాళ్లు ప్యాంక్రియాస్ నుంచి ఇలా శాంపిల్ తీసిన సంగతి 1992లో ప్రచురించారు. ముప్పై ఏళ్లు దాటింది. ఈ మధ్యలో మన తెలుగువాళ్లు కూడా ఎండోస్కోపీలో చాలా దూరం వెళ్లారు, హైదరాబాద్‌లో డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చినప్పుడు మా స్టాఫ్ రూంలో అందరం సంతోషపడ్డాం. అంత విద్య మన దగ్గరే ఉన్నప్పుడు విజయనగరం మనిషి చేతికి వచ్చే కాగితం రెండు వాక్యాలు ఎందుకు ఉండాలి అన్నదే నా బాధ.

నేను మొదటి డాక్టరు గారిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా అన్ని ముక్కలూ దొరకవు. ప్యాంక్రియాస్ క్యాన్సర్ నిజంగా ఉన్నవాళ్లలో కూడా ఈ సూది పరీక్ష పట్టుకునేది నూటికి 85, 90 మందినే, మిగిలినవాళ్లకి క్యాన్సర్ ఉండి కూడా కాగితం ఖాళీగా రావచ్చు. నేను అడిగేది చాలా చిన్న విషయం. సూది గేజ్ ఎంత, ఎక్కడి నుంచి పొడిచారు, ఎన్నిసార్లు, మొన గడ్డలోపల పూర్తిగా కనిపించిందా, కొంతసేపే కనిపించిందా, కనిపించకపోతే దేనివల్ల. ఇదంతా మూడు వాక్యాలు. కొన్ని ఆసుపత్రుల్లో రాస్తున్నారు, మా రెండో డాక్టరు గారు రాశారు, కాబట్టి రాయలేని పని కాదు. మొన సరిగ్గా కనబడలేదు అని రాస్తే తమ మీదకి వస్తుందని డాక్టర్లకి భయం ఉండొచ్చు. కానీ అది రాసి ఉంటే మా ఊళ్లో ఎవరూ "ఏటీ నేదన్నారట" అనేవారు కాదు, రోగం లేదనలేదు, ముక్క దొరకలేదు అని నేను కాగితం చూపించి చెప్పగలిగేవాణ్ని.

మన వైపు దూరాలు కూడా చూడండి. విజయనగరం నుంచి విశాఖ 60 కిలోమీటర్లే, రోజూ పోయి వచ్చేవాళ్లున్నారు. శ్రీకాకుళం నుంచి 100 దాటుతుంది, ఇచ్ఛాపురం నుంచి 200 దాటిపోతుంది. తోడు ఒకరు రావాలి, ఆ రోజు కూలి పోవాలి, ముందు రాత్రి నుంచి పస్తు ఉన్న మనిషిని బస్సులోనో రైల్లోనో తేవాలి. సూది ఒక్కసారి వాడి పారేసేది, ధర వేలల్లో. రెండోసారి పిలిస్తే రానివాళ్లు వాళ్ల మొండితనం వల్ల రాకపోవడం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు అంటే తెలియని ఇల్లు తక్కువ, ఆ కష్టం చూసి 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, జనం దగ్గరికి వైద్యం రావడం అంటే అది. ఈయూఎస్ లాంటివి ప్రతి ఊళ్లో పెట్టమని నేను అడగను, అది ఎప్పుడూ చేస్తూ ఉంటే తప్ప చెయ్యి నిలబడని పని. ఉన్న చోట చేసింది వివరంగా రాసి ఇస్తే, ఇంకో చోటికి వెళ్లిన మనిషికి సగం దారి కలిసొస్తుంది.

క్యాన్సర్ పాకుతుందన్న మాట గురించి కూడా డాక్టరు గారిని నేరుగా అడిగాను. సూది వెళ్లిన దారిలో కణాలు పడిన కేసులు ఉన్నాయి, అస్సలు లేవని అనను, కానీ చాలా అరుదు అన్నారు. తల భాగం గడ్డకి చిన్నపేగులోంచి పొడిస్తే, తర్వాత ఆపరేషన్ జరిగినప్పుడు ఆ దారి ఉన్న భాగం కూడా కోసి తీసేస్తారట. రక్తం రావడం, ప్యాంక్రియాస్ వాచి నొప్పి రావడం లాంటివి నూటికి ఒకరిద్దరికి అవుతాయి, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి. ఇది విన్నాక బావ అన్న మాట, "ఇంత నెమ్మదిగా ముందే సెప్తే నాను అప్పుడే వచ్చీవోణ్ని గదా."

రెండోసారి మూడు సార్లు పొడిచారు. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ సీసా నాకు చూపించారు, అడుగున సేమియా పోగు తెగిపడ్డట్టు తెల్లటి ముక్కలు, చుట్టూ కొంచెం రక్తం. ఆ తెల్ల పోగు కనబడితే చాలావరకు పని అయినట్టే అన్నారు. అయింది. అయిదో రోజు రిపోర్టు వచ్చింది, క్యాన్సరే అని తేలింది. ఇంటిల్లిపాదీ ఏడ్చాం, కానీ ఆ వారంలోనే కీమో మొదలైంది.

మీ పేపర్లో ఇది వేస్తే, ఇలాంటి పరీక్షకి వెళ్తున్నవాళ్లు ఎవరైనా చదివి, మత్తు దిగాక డాక్టరు గారిని "మొన కనబడిందా అండీ, అది రాసి ఇస్తారా" అని ఒక్క మాట అడుగుతారని నా ఆశ. వీడియో ఉంటే పెన్‌డ్రైవ్‌లో అడిగి తెచ్చుకోండి. శాంపిల్ చాలలేదంటే ఆ రోజే కూర్చుని, మళ్లీ ఎప్పుడు, ఏం మార్చి చేస్తారో అడగండి, ఊరికి వెళ్లి ఆలోచిద్దాం అనుకోకండి. ఈయూఎస్ చేసే డాక్టర్లు ఎవరైనా చదివితే, మీ రిపోర్టు నమూనాలో ఆ మూడు వాక్యాలకి చోటు పెట్టమని చేతులు జోడించి అడుగుతున్నాను.

బావకి నాలుగు కీమోలు అయ్యాయి. వచ్చే నెల మళ్లీ సీటీ, గడ్డ రక్తనాళం నుంచి విడిందో లేదో చూసి ఆపరేషన్ సంగతి చెప్తామన్నారు. అప్ప ఫైల్లో అన్ని కాగితాలకంటే పైన ఆ రెండో ఈయూఎస్ రిపోర్టు పెట్టింది. అందులో మూడో వరుస కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంచాను: 22 గేజ్ సూది, మూడు సార్లు, మొన గడ్డలోపల ఆసాంతం కనిపించింది.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
విజయనగరం